ఫారంలో ‘ఇంగ్లిష్’ అని రాశారు, పాప నోరు విప్పలేదు: అమెరికా నాలుగో తరగతి నుంచి ఒక కేసు

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అమెరికా స్కూల్లో కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండటం తరచూ చూసేదే. ఆ మౌనాన్ని స్కూలు ఎలా అర్థం చేసుకుంటుందన్న దాన్ని బట్టే ఆ పిల్లల మొదటి ఏడాది నడుస్తుంది. ఈ కేసులో ఒక పాపకు భాషాలోపం ఉందేమోనని స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక చదువు) పరీక్షల దాకా వెళ్లింది వ్యవహారం. ఊరు, స్కూలు, రాష్ట్రం పేర్లు తీసేశాం. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాం. ఇలాంటి పిల్లలతో పనిచేసే టీచర్లకూ, పిల్లలను తీసుకెళ్లబోతున్న తల్లిదండ్రులకూ పనికి రావాలని ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో విడమరిచి రాస్తున్నాను.

నేపథ్యం

పాపకు తొమ్మిదేళ్లు. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగింది. నాన్న హెచ్-1బి వీసా మీద ముందే అమెరికా వెళ్లారు. పాపకు ఐదేళ్లప్పుడు అమ్మ కూడా వెళ్లింది. తమ్ముడు అక్కడే పుట్టాడు. ఆగస్టు చివర్లో పాపను తూర్పు తీరంలో తాముంటున్న ఊరికి తెచ్చుకున్నారు. అప్పటి దాకా అమ్మానాన్నలు పాపకు వీడియో కాల్‌లో కనిపించే మనుషులు. మూడేళ్ల తమ్ముడు డేకేర్‌లో నేర్చుకున్న ఇంగ్లిష్ తప్ప మాట్లాడడు.

ఊళ్లో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి అయింది. ప్రోగ్రెస్ కార్డు నిండా మంచి మార్కులే. కానీ అక్కడ ఇంగ్లిష్ చదువు సాగిన తీరు వేరు. టీచరు పాఠం ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో అర్థం చెబుతారు. ప్రశ్న-జవాబులు బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని బట్టీ పడతారు. రాసేది ఇంగ్లిష్‌లో, మాట్లాడేది మొత్తం తెలుగులో. అందుకే పాపకు స్పెల్లింగులు అద్భుతంగా వచ్చు, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి వచ్చు. ఎదుటి మనిషి ఇంగ్లిష్‌లో అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన అవసరం మాత్రం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

స్కూల్లో చేర్చేటప్పుడు ప్రతి కుటుంబం చేత హోమ్ లాంగ్వేజ్ సర్వే అనే చిన్న ఫారం నింపిస్తారు. మాటలు రాష్ట్రాన్ని బట్టి మారినా ప్రశ్నలు దాదాపు ఇవే: బిడ్డ మొదట నేర్చుకున్న భాష ఏది, బిడ్డ ఎక్కువగా మాట్లాడే భాష ఏది, ఇంట్లో పెద్దలు మాట్లాడే భాష ఏది. మూడింటికీ నాన్న ‘ఇంగ్లిష్’ అని రాశారు. అందులో మోసమేమీ లేదు. పాప చదివింది ఇంగ్లిష్ మీడియం కదా అన్నది ఒక కారణం. ‘ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే క్లాసులో) వేస్తే పిల్లలు వెనకబడిపోతారు, తెలుగు అని రాయకండి’ అని తెలిసినవాళ్లు చెప్పడం రెండో కారణం. మన కుటుంబాల్లో ఈ సలహా చాలా గట్టిగా తిరుగుతోంది, చాలా నష్టం చేస్తోంది.

ఆ ఫారంలో ఇంగ్లిష్ కాక మరో భాష కనిపిస్తేనే స్కూలు పిల్లలకు ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెడుతుంది. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం చేరిన 30 రోజుల్లోపు ఈ పరీక్ష అయిపోవాలి. పాప విషయంలో గడియారం అసలు మొదలే కాలేదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లల లెక్కలోకి పాప చేరిపోయింది.

స్కూలు చూసిన సమస్య

అక్టోబరు నెలాఖరుకు క్లాస్ టీచర్ రాసిన నోటు సారాంశం ఇది. పాప ఒక్క మాట మాట్లాడదు. అవును, కాదు అన్న ప్రశ్నలకు కూడా జవాబు ఉండదు. పిలిస్తే లేచి నిలబడి నేల చూస్తుంది. డిక్టేషన్‌లో తప్పుండదు, చదివిన దాని గురించి అడిగితే కాగితం ఖాళీ. రాయమంటే పుస్తకంలోని పేరాను మక్కీకి మక్కీ దించేస్తుంది. సోమవారాలు ఏడుస్తుంది. లంచ్ తినదు. నీళ్ల సీసా తెచ్చినట్టే తీసుకెళ్తుంది.

ఇంటి భాష ఇంగ్లిష్ అని రికార్డులో ఉన్నప్పుడు ఈ నోటు చదివిన ఎవరికైనా రెండు అనుమానాలు వస్తాయి: భాషాభివృద్ధిలో లోపం, లేదా సెలెక్టివ్ మ్యూటిజం (మాట వచ్చినా కొన్ని చోట్ల మాత్రం నోరు పెగలని సమస్య). టీచరు ఆ రెండూ రాసి స్పెషల్ ఎడ్యుకేషన్ టీముకు పంపారు. దానికి ఆమెను తప్పుపట్టడానికి లేదు. చేతిలో ఉన్న సమాచారం అదే. అయితే నోటు చివర ఆమె ఇంకో వాక్యం రాశారు: ‘స్కూలు బయట తల్లితో వేరే భాషలో మాట్లాడటం చూశాను.’ ఆ వాక్యం వల్లే ఫైలు మా ఈఎస్ఎల్ విభాగానికి వచ్చింది.

మొదటి నిర్ణయం: ఆపాలా, సాగించాలా

ఇలాంటి చోట రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, భాష రాకపోవడాన్ని లోపంగా తేల్చెయ్యడం. రెండోది, ‘కొత్తగా వచ్చిన పిల్ల కదా, ఒక ఏడాది చూద్దాం’ అని నిజంగా లోపం ఉన్న పిల్లలను కూడా పక్కన పెట్టెయ్యడం. ఇంగ్లిష్ నేర్చుకుంటున్నారన్న ఒక్క కారణంతో వైకల్య పరీక్షలను వాయిదా వెయ్యకూడదు. అలాగే ఇంగ్లిష్ రాకపోవడమే అసలు కారణమైతే వైకల్యం ఉందని ఐడియా చట్టం (వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన అమెరికా చట్టం) కింద తేల్చకూడదు. పరీక్షలు పిల్లలకు బాగా వచ్చిన భాషలో జరగాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. అందుకని ఫైలును మూయకుండా, ఆ టీముతో కూర్చుని ఏది ముందు, ఏది తర్వాత అని వరుస మార్చాం.

ముందు వినికిడి, చూపు. ఇవి తేలకుండా మిగతా ఏ పరీక్షకూ విలువ లేదు. రెండూ మామూలుగానే ఉన్నాయి. తర్వాత సర్వే ఫారం సరిదిద్దడం. ఆ తర్వాత విడా స్క్రీనర్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష (విడా అంటే చాలా రాష్ట్రాలు వాడే ఇంగ్లిష్ స్థాయి ప్రమాణాలు, మా రాష్ట్రమూ వాటినే వాడుతుంది). దానికి సమాంతరంగా తెలుగులో పాప భాష ఎలా ఉందో చూడటం. ఈ చివరిదే కేసును తేల్చింది.

ఫారం సరిదిద్దడానికి తల్లిదండ్రులను ఒప్పించడం తేలిక కాలేదు. ‘స్పెషల్ క్లాసులో పడేస్తారా మేడమ్?’ అన్నది అమ్మ మొదటి ప్రశ్న. ఈఎస్ఎల్ వేరు, స్పెషల్ ఎడ్యుకేషన్ వేరని కాగితం మీద రెండు గడులు గీసి చూపించాం. ఈఎస్ఎల్‌లో ఉన్నంత మాత్రాన తరగతి తగ్గదు, పైచదువులకు అడ్డు రాదు. వద్దనుకుంటే తల్లిదండ్రులు సర్వీసును రాతపూర్వకంగా నిరాకరించవచ్చు. అప్పుడు కూడా ఏటా జరిగే యాక్సెస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష రాయక తప్పదు, సాయం మాత్రం పోతుంది. ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లలకు ఏ సాయమూ లేకుండా అందరితో కూర్చోబెట్టడం సమాన అవకాశం కాదని 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇది దయ కాదు, హక్కు అని తెలిశాక నాన్న స్వరం మారింది. ఫారం మళ్లీ నింపారు. మూడు చోట్లా తెలుగు.

స్క్రీనర్‌లో వినడం 2, మాట్లాడటం 1, చదవడం 2.5, రాయడం 2 వచ్చాయి. విడా మొత్తం స్కోరులో చదవడానికి, రాయడానికి చెరి 35 శాతం, వినడానికి, మాట్లాడటానికి చెరి 15 శాతం బరువు ఉంటుంది. అలా కడితే 2. ఆరు మెట్లలో రెండో మెట్టు. మాట్లాడటం కంటే చదవడం మెరుగ్గా ఉండటం ఇండియాలో ఇంగ్లిష్ మీడియం చదివి వచ్చిన పిల్లల్లో మామూలే. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో ఇది తిరగబడి ఉంటుంది. ఇక్కడి టీచర్లు తరచూ చూసేది ఆ రెండో రకం కాబట్టి మొదటి రకం వాళ్లకు వింతగా తోస్తుంది.

తెలుగులో పాప

గది ఎంపిక దగ్గరే జాగ్రత్త పడాలి. కౌన్సెలర్ గది వద్దనుకున్నాం, పిల్లలకు అది తప్పు చేసినవాళ్లు వెళ్లే చోటులా ఉంటుంది. లైబ్రరీ పక్కన చిన్న గది తీసుకుని, అమ్మను పాప పక్కనే కూర్చోబెట్టి, మాటలు లేని బొమ్మల పుస్తకం ఒకటి తెరిచాం. ప్రశ్నలు అడగలేదు. ప్రశ్న అడిగితే అది పరీక్ష అయిపోతుంది. అమ్మతోనే పుస్తకం గురించి మాట్లాడుతూ ఒక బొమ్మ చూపించి కావాలనే తప్పు చెప్పాం: ‘కుక్క గోడెక్కి కూర్చుందే!’ పాప తలెత్తింది. కొంచెం ఆగి, ‘కుక్క కాదు, పిల్లి’ అంది.

ఆ తర్వాత ఐదారు పేజీలకు అమ్మను తలుపు దగ్గరి కుర్చీలోకి, తర్వాత బయటికి పంపాం. పాప కథ చెబుతూనే ఉంది. రికార్డు చేసిన దాంట్లో ఒక వాక్యం: ‘గాలికి టోపీ ఎగిరిపోయిందని పిలగాడు ఏడుస్తుంటే వాళ్ల తాత చెట్టెక్కి తీసిచ్చిండు.’ ఈ ఒక్క వాక్యంలో కారణం ఉంది, ఒకేసారి జరిగే రెండు పనులు ఉన్నాయి, వరుసగా జరిగిన పనులు ఉన్నాయి, విభక్తులు, క్రియారూపాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. భాషాలోపం ఉన్న పిల్లల్లో ముందు దెబ్బతినేవి ఇవే. వాళ్లు పొట్టి వాక్యాలను ‘ఇంక, ఇంక’ అంటూ అతికిస్తారు, వరుస తప్పుతారు, ఎవరి గురించి చెబుతున్నారో తెలియదు. ఇక్కడ ఆ ఛాయలు లేవు. మేం కల్పించిన మూడు పేర్లను మూడు వస్తువులకు పెట్టి నేర్పి, పది నిమిషాల తర్వాత అడిగితే మూడూ చెప్పింది. కొత్త మాట పట్టుకునే శక్తి బాగానే ఉందన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇలాంటి పనికి ఫోన్లో దొరికే దుబాసీ ఏ ప్రాంతం వారైనా కావచ్చు. ‘తీసిచ్చిండు’, ‘పోయిండ్రు’ లాంటి రూపాలను పుస్తక భాషతో పోల్చి తప్పులుగా రాసి పంపిన రిపోర్టులు ఉంటాయి. ఏ ప్రాంతపు తెలుగు వింటూ పెరిగారో ఆ తెలుగుతోనే పోల్చాలి. రాయలసీమ, ఉత్తరాంధ్ర పిల్లల విషయంలోనూ అంతే.

సెలెక్టివ్ మ్యూటిజం సంగతి. ఆ నిర్ధారణకు కనీసం నెల రోజులు లక్షణం ఉండాలి, స్కూల్లో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోకూడదు, ఆ భాష రాకపోవడం వల్ల వచ్చిన మౌనం కాకూడదు. బాగా వచ్చిన భాషలో కూడా, మాట్లాడాల్సిన చోట నోరు పెగలకపోతేనే దాన్ని గట్టిగా అనుమానించాలి. పాప స్కూలు గోడల మధ్యే, కొత్త మనిషితో, అమ్మ లేకుండా తెలుగులో మాట్లాడింది. అయినా అనుమానాన్ని పూర్తిగా కొట్టెయ్యలేదు, ఎందుకంటే అమ్మ ఒక మాట చెప్పింది: ‘ఈ నెల రోజులుగా ఇంట్లో కూడా మాటలు తగ్గించేసింది.’ మార్చి మొదటి వారంలో మళ్లీ చూడాలని తేదీ రాసుకున్నాం.

పని చెయ్యనివి

ఇంట్లో మాటలు తగ్గడానికి కారణం వెతికితే వెంటనే దొరికింది. సెప్టెంబరు పేరెంట్ మీటింగ్‌లో ‘ఇంట్లో ఇంగ్లిష్ ఎక్కువ మాట్లాడండి’ అని స్కూలు వాళ్లే చెప్పారు. నాన్న దాన్ని నియమంగా పెట్టారు: అన్నం దగ్గర ఇంగ్లిష్ మాత్రమే. నాలుగేళ్ల తర్వాత కలిసిన అమ్మానాన్నలతో పాప మనసు విప్పడానికి ఉన్నది ఆ భాష ఒక్కటే. అదీ మూసేశారు. ఈ సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చేదే, కానీ నిలబడదు. పిల్లలు ఇంగ్లిష్‌ను స్కూల్లో నేర్చుకుంటారు. ఇంట్లో వాళ్లకు కావాల్సింది ఆలోచనలు, కబుర్లు, ఎందుకు-ఎలా అన్న ప్రశ్నలు. అవి తల్లిదండ్రులకు ఏ భాషలో నిండుగా వస్తాయో ఆ భాషలో జరగాలి. ఆ నియమం తీసేయించాం.

రెండోది, చదవడంలో సాయం కోసం పాపను ఒకటో తరగతి స్థాయి ఫోనిక్స్ గుంపులో వేశారు. చిన్న పిల్లల పక్కన కూర్చుని, తనకు ఎప్పుడో వచ్చిన అక్షరాల ధ్వనులు వినాల్సి వచ్చింది. మాటను కూడబలుక్కోవడం ఆమె సమస్య కాదు, చదివిన మాటకు అర్థం తెలియకపోవడం సమస్య. గట్టిగా చదివించి చూస్తే ఈ తేడా ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. పాప గట్టిగా చదవదు కాబట్టి ఎవరూ చూడలేకపోయారు.

మూడోది ట్యాబ్లెట్‌లో అనువాద యాప్. చాలా స్కూళ్లు మొదట చేసేది ఇదే, తెలుగు పిల్లల విషయంలో చాలా సార్లు విఫలమయ్యేదీ ఇదే. లెక్కల పాఠంలో న్యూమరేటర్, డినామినేటర్‌లను యాప్ ‘లవం’, ‘హారం’ అని చూపించింది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పాప ఆ తెలుగు మాటలు ఎప్పుడూ వినలేదు, ఇంగ్లిష్ మాటలే ఆమెకు తెలుసు. పైగా తెలుగు లిపి నెమ్మదిగా చదువుతుంది. అంటే రాని దానికి బదులు ఇంకో రాని దాన్ని చేతిలో పెట్టాం. ఇలాంటి పిల్లలకు సబ్జెక్టు మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంచి, వాటి చుట్టూ ఉండే వివరణ మాట్లాడే తెలుగులో చెప్పాలి: ‘కింద ఉన్న నంబర్ ఏం చెప్తుంది? మొత్తం ఎన్ని ముక్కలు చేసినమో చెప్తుంది.’ అదీ రాతలో కాదు, మాటలో.

నాలుగోది, అదే క్లాసులో ఉన్న తెలుగు కుటుంబపు అబ్బాయిని జత చెయ్యడం. వాడు ఇక్కడే పుట్టాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం అంతంత మాత్రం. టీచరు చెప్పిన ప్రతిదీ పాపకు చెప్పమంటే రెండు వారాల్లో విసిగిపోయి పాప పక్కన కూర్చోవడం మానేశాడు. ఇద్దరికీ అవమానమే మిగిలింది. పిల్లల చేత దుబాసీ పని చేయించకూడదు. ఆటలో తోడు, బస్సులో తోడు అయితే సరే.

పని చేసినవి

ముందు శరీరం సంగతి చూశాం. నీళ్ల సీసా నిండుగా ఇంటికి పోతోందంటే పాప నీళ్లు తాగడం లేదు. తాగడం లేదంటే బాత్రూముకు వెళ్లడానికి భయపడుతోంది. అమ్మ చేత నెమ్మదిగా అడిగిస్తే రెండు కారణాలు తేలాయి. ఎప్పుడు వెళ్లవచ్చో, ఎవరిని అడగాలో తెలియదు. పైగా అక్కడ నీళ్లుండవు, కాగితమే. పొద్దున 8:45 నుంచి మధ్యాహ్నం 3:15 దాకా ఆరున్నర గంటలు పాప ఉగ్గబట్టుకుని కూర్చునేది. నర్సు గదిలోని బాత్రూము వాడుకోవడానికి అనుమతి తీసుకుని, అక్కడ పాప పేరుతో ఒక ఖాళీ నీళ్ల సీసా పెట్టించాం. బల్ల మూలన ఆకుపచ్చ కార్డు అతికించాం. అది టీచరు వైపు తిప్పితే చాలు, అడగక్కర్లేదు, లేచి వెళ్లొచ్చు. ఆ వారంలోనే తాగే నీళ్ల సీసా ఖాళీగా ఇంటికి వెళ్లడం మొదలైంది. పాఠాల మీద ధ్యాస కుదరడం కూడా అప్పుడే కనిపించింది. మన పిల్లల విషయంలో ఇది నోరు తెరిచి అడిగే విషయం కాదు కాబట్టి పెద్దవాళ్లే ముందుగా ఏర్పాటు చెయ్యాలి.

లంచ్ కూడా అలాంటిదే. ఇరవై అయిదు నిమిషాల్లో వరుసలో నడవడం, చోటు వెతుక్కోవడం పోను తినడానికి పావుగంట మిగులుతుంది. అమ్మ కలిపి పెట్టిన పప్పన్నం చేత్తో తినబోతే పక్క పిల్లలు చూశారు, పాప డబ్బా మూసేసింది. కొన్నాళ్లు చెంచాతో తేలిగ్గా తినగలిగే పెరుగన్నం, పులిహోర, చుట్టిన చపాతీ పెట్టమన్నాం. చేత్తో తినడం తప్పని పాపకు ఎవరూ చెప్పకూడదని కూడా అన్నాం. క్లాసు మొత్తానికి తిండి అలవాట్ల గురించి టీచరు ఒక పాఠం చెప్పారు, అందులో పాప పేరు ఎత్తలేదు.

తల ఊపు. పాప అవునన్నప్పుడు మన తీరులో తలను అటూ ఇటూ వంచేది. టీచరుకు అది ‘కాదు’ లాగానో, ‘తెలీదు’ లాగానో కనిపించింది. అవును, కాదు ప్రశ్నలకు జవాబు లేదన్న రాతలో చాలా భాగం ఇదే. టీచర్లందరికీ ఒక పేజీ నోటు పంపాం: తల ఊపు అర్థం, పెద్దల కళ్లలోకి చూడకపోవడం మర్యాద అని, పిలిస్తే లేచి నిలబడటం అలవాటు అని, ‘రబ్బర్’ అంటే ఎరేజర్ అని. బొటనవేలు పైకి, కిందికి చూపే పద్ధతి క్లాసు మొత్తానికి పెట్టారు. ప్రశ్న అడిగాక రెండు మూడు సెకన్లు కాకుండా పది సెకన్ల దాకా ఆగాలని కూడా అందులో ఉంది. తెలుగులోకి మార్చుకుని, జవాబు ఆలోచించి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవడానికి అంత సమయం కావాలి.

లెక్కల్లో పాప నిజంగా బలమైనది, కానీ ఆ బలం ఎవరికీ కనిపించలేదు. భాగహారంలో మనం భాగఫలాన్ని కుడి పక్కన రాస్తాం, ఇక్కడ పైన గీత మీద రాస్తారు. 864ను 6తో భాగించి పాప కుడి పక్కన 144 అని రాస్తే పై గడి ఖాళీగా ఉందని మార్కు ఇవ్వలేదు. పెద్ద సంఖ్యల్లో కామాలు లక్షల పద్ధతిలో పెట్టేది, 1,00,000 అని. తేదీలో నెల ముందు వస్తుందని తెలియదు. క్వార్టర్, డైమ్, నికెల్ అనే అమెరికా నాణేలు ఎప్పుడూ చూడలేదు. మూడు క్వార్టర్లు, రెండు డైములు, ఒక నికెల్ కలిపితే డాలరని చెప్పడానికి నిజమైన నాణేలు ఒక సంచిలో ఇంటికి పంపాం, వారంలో వచ్చేశాయి. అడుగులు, అంగుళాలు, ఫారన్‌హీట్ కూడా అలాగే వస్తువులు చూపించి నేర్పినవే. ఇవి తేలాక గుణకారాల జవాబులు సరిచూసే పని టీచరు పాపకు అప్పగించారు. దానికి మాట్లాడక్కర్లేదు. కానీ పిల్లలు కాగితాలు పట్టుకుని పాప దగ్గరికి రావడం మొదలైంది. స్నేహం ఆ బల్ల దగ్గర కుదిరింది.

మాట కోసం మెట్లు కట్టాం. మొదట వేలితో చూపించడం. తర్వాత క్లాసు మొత్తం కలిసి చదివేటప్పుడు పెదవులు కలపడం. తర్వాత ఇంట్లో తన గొంతు రికార్డు చేసి పంపడం, దాన్ని టీచరు ఒక్కరే వింటారు. తర్వాత జతగా కూర్చున్న పిల్ల చెవిలో చెప్పడం, ఆ పిల్ల క్లాసుకు చెప్పడం. తర్వాత ఈఎస్ఎల్‌లో నలుగురి గుంపులో, ముందే ఇచ్చిన వాక్యం సాయంతో చెప్పడం. చివరిది క్లాసులో ఒక్క వాక్యం. ఒక మెట్టు మీద వరుసగా రెండుసార్లు బెరుకు లేకుండా చేస్తేనే పై మెట్టు. మాట్లాడినందుకు చప్పట్లు కొట్టవద్దని గట్టిగా చెప్పాం. అందరి చూపూ తన మీద పడితే ఇలాంటి పిల్లలు మళ్లీ ముడుచుకుపోతారు. మాటకు మామూలుగా జవాబిస్తే చాలు. రికార్డు చేసే మెట్టు మీద పాప అన్నిటికంటే ఎక్కువ రోజులు ఉంది, ఉండనిచ్చాం. తప్పు వస్తే చెరిపి మళ్లీ చెప్పే వీలు ఉండటమే దాని బలం.

పేరాలు మక్కీకి మక్కీ దించడాన్ని కాపీ కొట్టడంగా చూడవద్దని టీచరుకు చెప్పాల్సి వచ్చింది. పాత స్కూల్లో అదే పూర్తి మార్కుల జవాబు. ఇక్కడ అడిగేది వేరు: నువ్వేం అనుకుంటున్నావు, అలా అనుకోవడానికి పాఠంలో ఆధారం ఎక్కడుంది. ఈ అలవాటును తెలుగులోనే మొదలుపెట్టాం. మర్నాటి పాఠం ముందు రోజు సాయంత్రం ఇంటికి వెళ్తుంది. అమ్మ పది నిమిషాలు బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతుంది: నీళ్లు ఆవిరై ఎక్కడికి పోతాయి, ఎండాకాలం మన ఊరి చెరువు ఎందుకు ఎండుతుంది, నీకెట్ల తెలుసు. మర్నాడు క్లాసులో ఇంగ్లిష్ వాక్యాలు వినిపించినప్పుడు అర్థం అప్పటికే తలలో ఉంటుంది. తన ఇంగ్లిష్ సరిపోదని కుంగిపోయిన ఆ అమ్మకు ఈ పని ఇచ్చిన ధైర్యం వేరే చెప్పక్కర్లేదు.

అమ్మమ్మ ఫోను. రోజూ పొద్దున ఏడింటికి, బస్సు ఎక్కే ముందు, పాప అమ్మమ్మతో మాట్లాడేది. ఊళ్లో అప్పుడు సాయంత్రం. ఏడుపుతో ఫోను పెట్టి ఏడుపుతో బస్సెక్కేది. ఫోను మాన్పించమని ఒకరు సూచించారు. ఒప్పుకోలేదు. నాలుగేళ్లు తల్లిలా పెంచిన మనిషి ఆమె. పాప మౌనంలో భాషతో పాటు ఈ ఎడబాటు కూడా ఉంది. వేళ మార్చాం: రాత్రి ఎనిమిదికి, శీతాకాలంలో ఊళ్లో అప్పుడు పొద్దున ఆరున్నర. అమ్మమ్మ అప్పటికే లేచి ఉంటుంది. ‘బాగున్నవా, తిన్నవా’లతో ఆగకుండా పాప ఆ రోజు నేర్చుకున్నదొకటి అమ్మమ్మకు నేర్పాలని చెప్పాం. సోమవారపు ఏడుపు జనవరికి దాదాపు ఆగింది. పాపకు కౌన్సెలర్ దగ్గర వారానికి అరగంట కూడా ఉంది. అక్కడ మాటల కంటే బొమ్మలు గీయడమే ఎక్కువ.

ఫలితం

ఫిబ్రవరిలో రాసిన యాక్సెస్ పరీక్షలో వినడం 3.4, మాట్లాడటం 2.1, చదవడం 3.6, రాయడం 3.0, మొత్తం 3.1. స్క్రీనర్, యాక్సెస్ వేర్వేరు పరీక్షలు కాబట్టి ఇదంతా ఆ కొద్ది నెలల్లో నేర్చుకున్నదేనని అనుకోకూడదు. అంతకుముందే లోపల ఉన్నది భయం తగ్గి బయటికి రావడం కూడా ఇందులో ఉంది. మార్చి సమీక్షలో పాప నలుగురి గుంపులో తనంతట తాను మాట్లాడుతోంది, ఆట స్థలంలో అరుస్తోంది. స్పెషల్ ఎడ్యుకేషన్ టీము వైకల్యం లేదని రాసి ఫైలు ముగించింది. మొత్తం క్లాసు ముందు మాత్రం పాప అడిగితేనే మాట్లాడుతుంది, అదీ ఒకటి రెండు వాక్యాలే.

జూన్‌లో తల్లిదండ్రులు అడిగింది ఒక్కటే: ఈఎస్ఎల్ నుంచి ఎప్పుడు బయటికి వస్తుంది? చాలా విడా రాష్ట్రాల్లో అందుకు యాక్సెస్ మొత్తం స్కోరు గీత 4.5 చుట్టుపక్కల ఉంటుంది, ఖచ్చితమైన అంకె రాష్ట్రం నిర్ణయిస్తుంది. స్నేహితులతో మాట్లాడే ఇంగ్లిష్‌కు రెండేళ్ల దాకా, పాఠాల ఇంగ్లిష్‌కు ఐదు నుంచి ఏడేళ్ల దాకా పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పిన లెక్క ఇప్పటికీ మాకు కొలబద్ద. పాప ఫటాఫటా మాట్లాడటం మొదలుపెట్టగానే సాయం ఆపమని అడగవద్దని అందుకే చెప్పాం. ఐదో తరగతి సైన్స్, సోషల్ పుస్తకాల్లో వాక్యాలు ఒక్కసారిగా బరువెక్కుతాయి.

కొత్తగా తీసుకెళ్తున్నవారికి

ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. మొదట నేర్చుకున్న భాష అంటే ఉయ్యాల్లో విన్న భాష, స్కూలు మీడియం కాదు. చేర్చిన రోజే స్క్రీనర్ తేదీ అడగండి. ఇండియా స్కూలు రికార్డులతో పాటు పిల్లల నోట్సు పుస్తకాలు రెండు మూడు తీసుకెళ్లండి. ఏం నేర్చుకున్నారో మార్కుల కంటే అవే బాగా చెబుతాయి. పిల్లలు తెలుగులో మాటలు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నేళ్లకు వాక్యాలు చెప్పారు, కుటుంబంలో ఎవరికైనా మాట ఆలస్యమైందా అన్నవి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. అనుమానం వచ్చిన రోజు స్కూలు మొదట అడిగేది అవే. స్కూల్లో ఫైర్ డ్రిల్, లాక్‌డౌన్ డ్రిల్ (ప్రమాదం వస్తే తలుపులు వేసుకుని దాక్కునే అభ్యాసం) జరుగుతాయని, దీపాలార్పి మూల కూర్చోబెడితే అది అభ్యాసమేనని ముందే తెలుగులో చెప్పండి. ఈ పాపకు ఎవరూ చెప్పలేదు. మొదటి డ్రిల్ రోజు బల్ల కింద నుంచి తీసుకురావడానికి చాలా సేపు పట్టింది.

ఐదో తరగతి టీచరుకు ఇచ్చిన అప్పగింత కాగితంలో ఆకుపచ్చ కార్డు, నర్సు గది, పది సెకన్ల ఆగడం, పాఠం ముందు రోజు ఇంటికి పంపడం ఉన్నాయి. మొత్తం క్లాసు ముందు మాట్లాడటం ఇంకా మిగిలే ఉంది. దానికి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మెట్లు రాసి ఇచ్చాం, మొదటి సమీక్ష అక్టోబరు రెండో వారంలో.